ఎల్బ్రస్ ఫోటోలో ఉన్న ఆ డివిజన్ గ్రీసులో ఏం చేసింది?

రష్యాలోని కాకసస్ కొండల్లో ఉన్న ఎల్బ్రస్ శిఖరం ఎక్కడానికి ట్రైనింగ్ తీసుకుంటున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. 1942లో ఎల్బ్రస్ మీద జెండా పాతిన జర్మన్ పర్వత సైనికుల ఫోటో ఆయన చూశారు. ఆ ఎడెల్‌వైస్ డివిజన్ ఎలైట్ యూనిట్ అని యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయట. దురాగతాలు చేసింది ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సొంత సాయుధ దళం) వాళ్ళు, వీళ్ళు మామూలు ఆర్మీయే కదా అని ఆయన సందేహం. ఆ బ్యాడ్జి ఉన్న టోపీ ఒకటి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడదామనుకుంటున్నాను, తప్పా అని కూడా అడిగారు.

టోపీ కొనకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను పదహారేళ్ళుగా మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఉద్యోగానికీ దీనికీ సంబంధం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాల్కన్ ప్రాంతంలో, అంటే గ్రీసు, అల్బేనియా, యుగోస్లావియా వైపు, జర్మన్ సైన్యం ఏం చేసిందో పదేళ్ళుగా చదువుతున్నాను. ఫ్రైబర్గ్‌లోని సైనిక ఆర్కైవ్‌కి వెళ్ళి ఈ డివిజన్ కాగితాలు కొన్ని చూశాను. గ్రీసులో ఆ ఊళ్ళకి కూడా వెళ్ళొచ్చాను. మా ఇంటి నుంచి రైలెక్కితే రెండు గంటల లోపే మిట్టెన్‌వాల్డ్. ఈ డివిజన్‌లోని 98వ రెజిమెంట్ బ్యారక్‌లు ఉన్న ఊరు అదే. శని, ఆదివారాల్లో ఆ కొండల్లో నేనూ నడుస్తుంటాను. కాబట్టి కొండలంటే ఇష్టమున్నవాళ్ళకి ఆ ఫోటో ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు.

ముందు మీ అసలు సందేహం. అవును, వీళ్ళు ఎస్‌ఎస్ కాదు. ఎస్‌ఎస్‌కి వేరే పర్వత డివిజన్లు ఉన్నాయి. యుగోస్లావియాలో ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టిన 'ప్రిన్స్ ఆయ్‌గెన్' డివిజన్ అందులో ఒకటి. మీరు అడుగుతున్నది 1వ పర్వత డివిజన్. ఇది జర్మనీ రెగ్యులర్ ఆర్మీ, అంటే వేర్‌మాఖ్ట్‌కి చెందింది. 1938లో గార్మిష్‌లో ఏర్పడింది. బవేరియా కొండ ఊళ్ళ కుర్రాళ్ళు, ఆస్ట్రియాలోని టిరోల్ వైపు వాళ్ళు ఎక్కువ. మంచులో స్కీయింగ్, తాళ్ళ మీద కొండలెక్కడం చిన్నప్పటి నుంచీ వచ్చినవాళ్ళు. ఫిరంగిని ముక్కలుగా విడదీసి కంచరగాడిదల మీదకెక్కించి, మామూలు సైన్యం వెళ్ళలేని చోటికి మోసుకెళ్ళేవాళ్ళు. టోపీ పక్కన, కుడి చేతి మీద ఎడెల్‌వైస్ పువ్వు గుర్తు. ఆల్ప్స్‌లో ఎత్తైన రాళ్ళ మధ్య పూసే చిన్న తెల్ల పువ్వు అది. పువ్వులోనూ కొండలోనూ తప్పేమీ లేదు. ఆ గుర్తు పెట్టుకుని వాళ్ళు ఏం చేశారన్నదే లెక్క.

1939లో పోలండ్, 1940లో ఫ్రాన్స్, 1941 ఏప్రిల్లో యుగోస్లావియా. ఇవి త్వరగా దాటేస్తాను. 1941 జూన్ 30న డివిజన్ ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరంలోకి అడుగుపెట్టింది. పారిపోయే ముందు సోవియట్ రహస్య పోలీసులు జైళ్ళలో చంపిపోయిన వేలాది ఖైదీల శవాలు అక్కడ బయటపడ్డాయి. ఆ నేరాన్ని యూదుల నెత్తిన వేసి, మర్నాడు వాళ్ళని వీధుల్లోకి ఈడ్చి కొట్టారు, చంపారు. జర్మన్ సైనికులు నిలబడి చూశారు, ఫోటోలు తీసుకున్నారు. అక్కడి నుంచి దాదాపు రెండేళ్ళు ఈ డివిజన్ తూర్పు రంగంలోనే గడిపింది. ఉమాన్, దొనెత్స్క్ ప్రాంతం, తర్వాత కాకసస్. మీరు చూసిన ఫోటో 1942 ఆగస్టు 21 నాటిది. కెప్టెన్ గ్రోట్ నాయకత్వంలో 1వ, 4వ పర్వత డివిజన్ల సైనికులు 5,642 మీటర్ల శిఖరం ఎక్కి జెండా పాతారు. మన మలావత్ పూర్ణ ఎక్కిన ఎల్బ్రస్ అదే. దానివల్ల సైనికంగా ఒరిగింది ఏమీ లేదు. యుద్ధం మానేసి కొండలెక్కుతున్నారా అని హిట్లర్ మండిపడ్డాడని దగ్గరున్నవాళ్ళే రాశారు. 1943 ఫిబ్రవరిలో సోవియట్ పర్వతారోహకులు ఆ గడ్డకట్టే చలిలో పైకెళ్ళి జెండాలు పీకేశారు. ఆన్‌లైన్ వీడియోలు ఎక్కువగా ఇక్కడితో ఆగిపోతాయి. నేను చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది.

1943 వసంతంలో డివిజన్‌ని బాల్కన్‌కి మార్చారు. ముందు మాంటెనెగ్రో, తర్వాత అల్బేనియా మీదుగా గ్రీసు వాయవ్య మూలన ఉన్న ఎపిరస్. మిత్రపక్షాలు, అంటే బ్రిటన్, అమెరికా సైన్యాలు, గ్రీసు తీరంలో దిగుతాయని జర్మన్లకి అప్పుడు గట్టి భయం. బ్రిటిష్ వాళ్ళు కావాలనే ఆ భయాన్ని పెంచారు కూడా. ఎపిరస్ కొండల్లో గ్రీకు గెరిల్లాలు, అంటే ఎడెస్, ఎలాస్ అనే రెండు సంఘాల వాళ్ళు, బలంగా ఉన్నారు. యోవానినా నగరం నుంచి ఆర్తా మీదుగా సముద్రం వైపు పోయే రోడ్డు జర్మన్లకి ప్రాణం. ఆ రోడ్డు మీద లారీల మీద దాడులు జరిగేవి. నిజమే, దాడులు జరిగాయి. నేను అది దాచను.

అయితే ఈ డివిజన్ అక్కడికి ఏ నియమాలతో వచ్చిందో చూడాలి. 1942 డిసెంబర్ 16న జర్మన్ హైకమాండ్ నుంచి, ఫీల్డ్ మార్షల్ కైటెల్ సంతకంతో, ఒక ఉత్తర్వు వెళ్ళింది. 'బందిపోట్ల' మీద పోరాటంలో ఆడవాళ్ళ మీద, పిల్లల మీద కూడా ఎలాంటి పద్ధతినైనా వాడవచ్చు, అవసరమైతే వాడి తీరాలి. ఇందులో పాల్గొన్న ఏ జర్మన్ సైనికుడి మీదా క్రమశిక్షణ చర్యగానీ కోర్టు కేసుగానీ ఉండకూడదు. దాని సారం ఇదే. ఒక సైన్యం తన సైనికుడికి ముందుగానే క్షమాపణ పత్రం చేతికిచ్చి పంపింది. ఏం జరిగినా నీకేం కాదు అని చెప్పాక, వాడు ఊళ్ళోకి వెళ్ళి ఏం చేస్తాడో ఊహించుకోవడం పెద్ద కష్టం కాదు.

ఆ 'బందిపోట్లు' అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. గెరిల్లా అనరు, శత్రు సైనికుడు అనరు. సైనికుడైతే యుద్ధఖైదీ హక్కులు వస్తాయి కాబట్టి. మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని తెల్లదొరల కాగితాలు 'పితూరీ' అని ఎందుకు రాశాయో మనకి తెలుసు. రెండూ ఒకటే అనడం లేదు, ఎపిరస్‌లో జరిగిన దాని స్థాయి వేరు. కానీ పేరు మార్చేస్తే మనిషిని మార్చేయడం సులువవుతుందన్నది తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ డివిజన్ కాగితాల్లో అయితే ఆ మాట ఊరి మొత్తానికీ అంటుకుంది. 'బందిపోటు ఊరు', 'అనుమానాస్పద బందిపోట్లు'. చివరికి చనిపోయిన ముసలివాడు కూడా ఆ లెక్కలోకే పోయాడు.

అల్బేనియాలో ఉండగానే మొదలుపెట్టారు. దారిలో తమ కాన్వాయ్ మీద గెరిల్లాలు దాడి చేశారని 1943 జులై 6న బొరోవా అనే ఊరిని కాల్చి 107 మందిని చంపారు. అదే నెల 25న ఎపిరస్‌లోని మూసియోటిట్సాలో 153 మంది. ఆ తర్వాత కొమ్మెనో.

కొమ్మెనో గురించి నిదానంగా చెప్తాను. ఈ డివిజన్ అంటే ఏమిటో అర్థం కావాలంటే ఈ ఒక్క ఊరు చాలు. ఆరాఖ్థోస్ నది సముద్రంలో కలిసే చోట, ఆర్తా కింద మైదానంలో ఉంటుంది. కొండ ఊరు కాదు. నేను వెళ్ళినప్పుడు చుట్టూ నారింజ తోటలు, కాలవలు, బురద వాసన. కోనసీమలోకి వచ్చినట్టే అనిపించింది. అక్కడ ఇక పర్వత యుద్ధం ఏముంటుంది?

1943 ఆగస్టు 12న ఒక జర్మన్ కారు ఊళ్ళోకి వచ్చింది. ఆ సమయానికి గెరిల్లాలు ఊరివాళ్ళ దగ్గర తిండిగింజలు వసూలు చేస్తూ చౌరస్తాలో ఉన్నారు. తుపాకులు ఒక పక్కన ఆనించి ఉన్నాయి. కారులో వాళ్ళు చూశారు, కారు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. తూటా పేలలేదు. ఒక్క జర్మన్‌కి గీత పడలేదు. ఊరివాళ్ళకి మాత్రం గుండె జారిపోయింది. రాత్రుళ్ళు పొలాల్లో పడుకున్నారు. పెద్దలు ఆర్తా వెళ్ళి అక్కడున్న ఇటాలియన్ అధికారులను కలిశారు. భయం లేదు, మీ ఇళ్ళకి పోండని వాళ్ళు ధైర్యం చెప్పారు. ఆగస్టు 15 మరియమ్మ పండుగ. గ్రీసులో ఈస్టర్ తర్వాత అంత పెద్ద పండుగ అదే. పైగా ఊళ్ళో ఒక ఇంట్లో పెళ్ళి. చుట్టాలు వచ్చారు, రాత్రంతా విందు సాగింది. జనం ఇళ్ళకి తిరిగొచ్చేశారు.

16వ తేదీ తెల్లవారకముందే లారీలు ఊరి బయట ఆగాయి. 98వ రెజిమెంట్ 12వ కంపెనీ, వంద మందికి పైగా. కంపెనీ కమాండర్ లెఫ్టినెంట్ రోజర్. పంపినవాడు రెజిమెంట్ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ యోసెఫ్ సాల్మింగర్. ఊరిని చుట్టుముట్టి, సిగ్నల్ ఇచ్చి, ఇళ్ళలోకి గ్రెనేడ్లు విసిరారు. బయటికి పరిగెత్తినవాళ్ళని మెషిన్ గన్లతో కాల్చారు. ఎదురెళ్ళిన ఊరి పూజారిని మొదట్లోనే కాల్చేశారు. పెళ్ళింట్లో ఉన్నవాళ్ళలో చాలామంది అక్కడే పోయారు. నది వైపు పరిగెత్తి ఈదగలిగినవాళ్ళు బతికారు. కొన్ని గంటల్లో 317 మంది, ఊరి జనంలో దాదాపు సగం. అందులో 74 మంది పదేళ్ళ లోపు పిల్లలు. 20 కుటుంబాలు ఒక్కరు కూడా మిగలకుండా తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత ఇళ్ళు తగలబెట్టి, పశువులను తోలుకుపోయారు.

ఊరి మధ్యలో పాలరాతి స్మారకం ఉంది. పేర్లు చెక్కారు. నాకు గ్రీకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చు. అలా చదువుతుంటే ఒకే ఇంటిపేరు, దాని కింద మళ్ళీ అదే, మళ్ళీ అదే. పక్కనే కాఫీ దుకాణంలో పెద్దాయన ఒకాయన నన్ను చూసి కుర్చీ జరిపాడు. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కాఫీకి డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇప్పుడు కాగితం చూడండి. ఆ రోజు సాయంత్రం డివిజన్ నుంచి పైకి వెళ్ళిన రిపోర్టులో ఏముందంటే, ఊరిని చుట్టుముడుతుండగా అన్ని ఇళ్ళ నుంచీ భారీ కాల్పులు ఎదురయ్యాయి, దాంతో కంపెనీ కాల్పులు జరిపి ఊరిని పట్టుకుని తగలబెట్టింది, ఈ పోరులో 150 మంది పౌరులు చనిపోయి ఉంటారు అని. కాల్పులు ఎదురయ్యాయన్నది అబద్ధం. సంఖ్య అబద్ధం. ఇంకా పై ఆఫీసుకి చేరేసరికి 'పౌరులు' అన్న మాట కూడా పోయింది, ఆ 150 మందీ శత్రు నష్టాల లెక్కలో పడ్డారు. నేను మొదట్లో ఈ డివిజన్ విజయాల పట్టికలు చదివి నమ్మినవాణ్ణే. ఈ ఒక్క ఊరి కథ తెలిశాక, ఆ కాలమ్‌లో 'శత్రు మృతులు' అని ఎక్కడ కనిపించినా పక్కన దొరికిన తుపాకులెన్నో చూడటం అలవాటైంది. వందల్లో మృతులు, చేతివేళ్ళ మీద లెక్కపెట్టే తుపాకులు. అది యుద్ధం లెక్క కాదు, కాకిలెక్క.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఆర్డర్ కాదంటే వాళ్ళనే కాల్చేసేవాళ్ళు కదా, పాపం సైనికుడు ఏం చేస్తాడు? ఈ మాట యుద్ధం తర్వాత కోర్టుల్లో వేలసార్లు వినిపించింది. పౌరులను కాల్చనని నిరాకరించినందుకు ఒక జర్మన్ సైనికుడిని చంపేశారని నిరూపించే కేసు ఒక్కటి కూడా నాజీ నేరాలు దర్యాప్తు చేసిన జర్మన్ అధికారులకు దొరకలేదు. కొమ్మెనోలోనే, పని అయిపోయాక ఒక సార్జెంటు తన టోపీ తీసి లెఫ్టినెంట్ కాళ్ళ ముందు విసిరి, ఇలాంటిదానికి నేను రావడం ఇదే ఆఖరు అన్నాడని అదే కంపెనీ సైనికుడు తర్వాత సాక్ష్యం చెప్పాడు. ఆ రాత్రి చాలామంది మాట్లాడుకోలేదని, కొందరు తమలో తామే వాదించుకున్నారని కూడా. అంటే వాళ్ళకి తెలుసు. చేస్తున్నది యుద్ధం కాదని ఆ ఊళ్ళో నిలబడే తెలుసుకున్నారు. నాకు మనసులో ఎక్కువ గుచ్చుకునేది ఇదే. రాక్షసులైతే అర్థం చేసుకోవడం సులువు. వీళ్ళు ఇంటికి ఉత్తరాలు రాసుకునే, పాటలు పాడుకునే, కొండలంటే ప్రేమున్న కుర్రాళ్ళు.

నెల తిరక్కుండానే గ్రీసు పడమటి తీరంలోని కెఫలోనియా ద్వీపం. ఇది మరీ ప్రత్యేకం, ఎందుకంటే చనిపోయింది గ్రీకులు కాదు, ముందురోజు దాకా జర్మన్లకి మిత్రులైన ఇటాలియన్ సైనికులు. 1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగిపోయింది. ఆ ద్వీపంలో జనరల్ గాండిన్ కింద ఇటాలియన్ల ఆక్వీ డివిజన్, దాదాపు 12,000 మంది. ఆయుధాలు ఇచ్చేయమని జర్మన్లు అడిగారు. గాండిన్ చర్చలు సాగదీశాడు. ఏం చేద్దామని సైనికుల అభిప్రాయమే అడిగారు, వాళ్ళు పోరాడదామన్నారు. 15 నుంచి 22 దాకా పోరు నడిచింది. జర్మన్ల వైపు ఈ పర్వత డివిజన్ బలగాలే ముందున్నాయి, మేజర్ ఫాన్ హిర్ష్‌ఫెల్డ్ నడిపించాడు. ఖైదీలను పట్టుకోవద్దని హిట్లర్ ఆర్డర్. తెల్లజెండా ఎత్తి వరసగా నిలబడ్డ సైనికులని ఎక్కడికక్కడే కాల్చేశారు. పోరు ముగిశాక, 24న గాండిన్‌ని, తర్వాత వందల మంది ఆఫీసర్లని గుంపులుగా తీసుకెళ్ళి చంపారు. లొంగిపోయాక చంపినవాళ్ళెందరన్న దాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు, లెక్కలు 2,000 దగ్గర నుంచి 5,000 దాటి పోతాయి. ఏ లెక్క తీసుకున్నా, రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధఖైదీల మీద జరిగిన అతిపెద్ద నేరాల్లో ఇదొకటి. మిగిలినవాళ్ళని ఎక్కించిన ఓడల్లో కొన్ని మునిగి ఇంకో వెయ్యి మందికి పైగా పోయారు.

ఈ దశలో ఎపిరస్ మొత్తానికీ పైన ఉన్నవాడు జనరల్ హుబర్ట్ లాంజ్. అంతకుముందు ఇదే డివిజన్‌కి రెండేళ్ళు కమాండర్, ఇప్పుడు కోర్ కమాండర్, అంటే కొన్ని డివిజన్ల మీద అధికారి. డివిజన్ జనరల్ స్టెట్నర్ చేతిలో ఉంది. అక్టోబర్ ఒకటిన సాల్మింగర్, అంటే కొమ్మెనోకి కంపెనీని పంపిన ఆ రెజిమెంట్ కమాండర్, రాత్రిపూట కారులో వెళ్తూ గెరిల్లాలు రోడ్డుకి అడ్డం పెట్టినదానికి గుద్దుకుని చనిపోయాడు. ఆ చోటు చుట్టూ 20 కిలోమీటర్ల మేర కనికరం లేకుండా ప్రతీకారం తీర్చుకోవాలని లాంజ్ ఉత్తర్వు ఇచ్చాడు.

అక్టోబర్ 3న అది లింగియాదెస్‌కి వచ్చింది. యోవానినా నగరం నుంచి చూస్తే సరస్సుకి అవతలి వైపు కొండవాలు మీద ఉంటుంది ఈ ఊరు. ఊరి నుంచి నగరమంతా కనిపిస్తుంది, నగరం నుంచి ఊరు కనిపిస్తుంది. సాల్మింగర్ చనిపోయిన చోటికీ ఈ ఊరికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఇక్కడ పొగ లేస్తే యోవానినా మొత్తం చూస్తుంది. ఊరిని ఎంచుకున్నది అందుకేనని అక్కడివాళ్ళు అంటారు, అక్కడ నిలబడి చూశాక నాకూ అలాగే అనిపించింది. అక్రోట్లు దులిపే కాలం అది. పనిచేయగలిగిన మగవాళ్ళు, ఆడవాళ్ళు చాలామంది తోటల్లో ఉన్నారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, బాలింతలు, చిన్నపిల్లలు. వాళ్ళని ఇళ్ళ నేలమాళిగల్లోకి తోసి కాల్చి, ఇళ్ళకి నిప్పు పెట్టారు. ఎనభై మందికి పైగా పోయారు. చనిపోయిన తల్లి రొమ్ము దగ్గర ఒక చంటిబిడ్డ ప్రాణాలతో దొరికాడు.

దీన్ని గెరిల్లా యుద్ధం అనగలమా? ఏ గెరిల్లా ఉన్నాడు ఆ నేలమాళిగలో?

ఇంకో అపోహ కూడా పోవాలి. కొందరంటారు, అదేదో ఒక చెడ్డ కంపెనీ, ఒక పిచ్చి లెఫ్టినెంట్ అని. కొమ్మెనో 98వ రెజిమెంట్ చేసింది. లింగియాదెస్‌లో చంపింది కొత్త సైనికులకి శిక్షణనిచ్చే ఫీల్డ్ రిప్లేస్‌మెంట్ బెటాలియన్. కెఫలోనియాలో వేరే బెటాలియన్లు, వేరే ఆఫీసర్లు కూడా ఉన్నారు. ఊళ్ళు వేరు, చంపిన చేతులు వేరు, పద్ధతి మాత్రం ఒకటే. ఇక జర్మన్ సైన్యం మొత్తంలో ఈ ఒక్క డివిజనే చెడ్డదనీ అనలేం. గ్రీసులోనే దిస్తొమోలో ఊచకోత కోసింది ఎస్‌ఎస్ అయితే, కలావ్రితాలో ఊరి మగవాళ్ళందరినీ కొండకి తోలుకెళ్ళి కాల్చింది 117వ యేగర్ (తేలికపాటి పదాతి) డివిజన్, మళ్ళీ మామూలు ఆర్మీయే. 'ఎస్‌ఎస్ చెడ్డది, ఆర్మీ శుభ్రమైనది' అన్న కథని యుద్ధం తర్వాత జనరల్సే తమ జ్ఞాపకాల్లో కట్టారు. అది ఇంగ్లిష్ పుస్తకాల్లోకి, అక్కడి నుంచి మన వీడియోల్లోకి వచ్చింది.

డివిజన్‌కి ఆ తర్వాత ఏమైందో రెండు మాటల్లో చెప్తాను. 1944 అక్టోబర్లో బెల్‌గ్రేడ్ దగ్గర ఎర్ర సైన్యం, యుగోస్లావ్ పార్టిజాన్ల మధ్య చిక్కి చాలావరకు నలిగిపోయింది, స్టెట్నర్ అక్కడే కనిపించకుండా పోయాడు. మిగిలినవాళ్ళు హంగరీలో పోరాడి, 1945 మేలో ఆస్ట్రియాలో అమెరికన్లకి లొంగిపోయారు.

ఎవరికి శిక్ష పడిందంటే, చెప్పుకోవడానికి చాలా తక్కువ. లాంజ్‌ని న్యూరెంబర్గ్‌లో, బాల్కన్ జనరల్స్ మీద నడిచిన కేసులో విచారించారు. 1948 ఫిబ్రవరిలో 12 ఏళ్ళ శిక్ష. 1951లోనే విడుదల. తర్వాత ఒక రాజకీయ పార్టీకి రక్షణ వ్యవహారాల సలహాదారుగా ఉన్నాడు. పర్వత సైనికుల పూర్వ మిత్రుల సంఘానికి పెద్ద దిక్కు ఆయనే. 1982లో ముసలితనంతో పోయాడు. డివిజన్ మొదటి కమాండర్ లుడ్విగ్ క్యూబ్లర్‌ని, అతని తమ్ముడు, ఈ డివిజన్‌నే చివర్లో నడిపిన యోసెఫ్‌ని 1947లో యుగోస్లావియాలో ఉరితీశారు, అయితే అది గ్రీసు నేరాలకి కాదు. కొమ్మెనోలో కాల్పులు జరిపినవాళ్ళ మీద జర్మనీలో దర్యాప్తు అంటూ నడిచింది, సాక్ష్యాలు రాసుకున్నారు, ఫైలు మూసేశారు. ఒక్కరికీ శిక్ష లేదు. గాండిన్‌ని కాల్చిన స్క్వాడ్‌ని నడిపించానని తనే ఒప్పుకున్న లెఫ్టినెంట్ ఒకాయన 2009 దాకా బవేరియాలోనే బతికాడు. 2006లో మ్యూనిక్ ప్రాసిక్యూటర్లు ఆ కేసు కొట్టేస్తూ, చనిపోయిన ఇటాలియన్లని యుద్ధంలో పారిపోయి శత్రువుతో కలిసే జర్మన్ సైనికులతో పోల్చారు. ఇటలీలో జనం భగ్గుమన్నారు. అప్పటికి నేను జర్మనీకి రాలేదు. తర్వాత పాత పేపర్లలో చదివినప్పుడు మాత్రం, ఆ వాక్యం రాసింది 1943లో కాదు 2006లో అని నమ్మడానికి టైమ్ పట్టింది. 2013లో రోమ్‌లోని సైనిక కోర్టు కెఫలోనియా కేసులో మరొకాయనకి, ఆయన కోర్టులో లేకుండానే, యావజ్జీవం వేసింది. ఆయన జర్మనీలో తన ఇంట్లోనే ఉండిపోయాడు.

మిట్టెన్‌వాల్డ్ సంగతి కూడా చెప్పాలి, నేను కళ్ళారా చూసే చోటు కాబట్టి. ఊరి పైన హోహెర్ బ్రెండ్టెన్ అనే గుట్ట మీద 1957లో పర్వత సైనికులకి పెద్ద స్మారకం కట్టారు. ఏటా పెంతెకొస్తు పండుగ రోజుల్లో పాత సైనికులు, వాళ్ళతోపాటు ఇప్పటి జర్మన్ ఆర్మీ వాళ్ళు, ఊరి బ్యాండు అక్కడ చేరేవాళ్ళు. ప్రార్థనలు, దండలు, ఉపన్యాసాలు. కొమ్మెనో పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. 2002 నుంచి కొందరు కుర్రాళ్ళు, చరిత్ర పరిశోధకులు ఏటా అక్కడికెళ్ళి నిరసన తెలిపారు. గ్రీసు, ఇటలీ నుంచి బతికి బయటపడ్డ ముసలివాళ్ళని తీసుకొచ్చి ఊరి మధ్యలో మాట్లాడించారు. ఊరివాళ్ళకి అది అస్సలు నచ్చలేదు. కానీ కదలిక వచ్చింది. అంతకుముందే, 1995లో, మిట్టెన్‌వాల్డ్ బ్యారక్‌కి ఉన్న క్యూబ్లర్ పేరు తీసేసి, ఎదురుగా ఉన్న కార్వెండెల్ కొండ పేరు పెట్టారు. నేను ఆ గుట్టకి రెండుసార్లు వెళ్ళాను. ఎత్తైన రెండు రాతి స్తంభాలు, వెనక మంచు కొండలు. నిజంగా అందమైన చోటు. అక్కడ నిలబడితే నాకు నారింజ తోటల మధ్య ఆ పాలరాయే గుర్తొచ్చింది.

సరే, మీ టోపీ. ఎడెల్‌వైస్ పువ్వు గుర్తు ఉన్నదల్లా చెడ్డదని నేను అనడం లేదు. ఆల్ప్స్ పర్వతారోహక సంఘాలు వాడతాయి, ఆస్ట్రియా నాణెం మీద ఉంది, ఇప్పటి జర్మన్ పర్వత దళం కూడా పెట్టుకుంటుంది. హిట్లర్ కాలంలోనే నాజీలకి ఎదురు తిరిగిన కుర్రాళ్ళ గుంపులు తమని ఎడెల్‌వైస్ పైరేట్లు అనుకున్నారు. కొలోన్‌లో వాళ్ళలో కొందరిని ఉరితీశారు కూడా. పువ్వు కావాలంటే ఆ కొండల్లో ఏ దుకాణంలోనైనా ఉన్ని టోపీ మీద కుట్టింది దొరుకుతుంది. మీరు చూస్తున్నది అది కాదు. యుద్ధకాలపు యూనిఫాం టోపీకి నకలు, ముందు డేగ గుర్తు, పక్కన లోహపు ఎడెల్‌వైస్. అది ఆ సంవత్సరాలలో, ఆ మనుషుల తల మీద ఉన్న టోపీ. డేగ కింద స్వస్తిక ఉంటే జర్మనీలో బహిరంగంగా పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. మనదేశంలో అలాంటి చట్టం లేదు. కానీ ఎల్బ్రస్ బేస్ క్యాంపులో రష్యన్లు, వేరే దేశాల వాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ తాతలెవరు, ఎక్కడ ఎవరి చేతిలో పోయారో మీకు తెలియదు.

కొండలంటే ఇష్టం కాబట్టి ఒకటి చెప్తాను. ఎప్పుడైనా గ్రీసు వెళ్తే వికోస్ లోయ ట్రెక్ తప్పకుండా చేయండి, చాలా బాగుంటుంది. అందరూ యోవానినాలో దిగే వెళ్తారు. ఒక పూట ఖాళీ పెట్టుకుని టాక్సీ మాట్లాడుకుని లింగియాదెస్‌కి వెళ్ళండి. సరస్సు చుట్టి కొండెక్కే రోడ్డు, ఎక్కువ సేపు పట్టదు. 2014 మార్చిలో జర్మనీ అధ్యక్షుడు గౌక్ అక్కడికి వెళ్ళి, చనిపోయినవాళ్ళ కుటుంబాలను సిగ్గుతో, బాధతో క్షమాపణ అడిగాడు. పక్కన గ్రీసు అధ్యక్షుడు పాపులియాస్. ఆయన ఆ ప్రాంతం మనిషే, కుర్రాడిగా ఉన్నప్పుడు జర్మన్లకి ఎదురుపోరాడినవాడు. ఊరివాళ్ళు కొందరు న్యాయం, నష్టపరిహారం కావాలని బ్యానర్ పట్టుకుని నిలబడ్డారు. ఆ రెండూ ఇంకా రాలేదు. నేను వెళ్ళింది అక్టోబర్ మొదట్లో. చెట్ల కింద ఒకావిడ గోనెపట్టా పరిచి అక్రోట్లు ఏరుతోంది. ఎక్కడి నుంచని అడిగితే ఇండియా అన్నాను. గుప్పెడు కాయలు నా జేబులో పోసి, స్మారకం ఎటువైపో చేత్తో చూపించింది.